పదకొండో పేజీ

బతికున్నట్టు రుజువు ఇయ్యను
హన్మకొండ చౌరస్తా కాడ మీసేవకు పోయిన.
ఎర్రగ ఎలిగే గాజుబిళ్ల మీద బొటనేలు పెట్టిన,
కొంగుకు తుడిచి పెట్టిన, ఉఫ్ మని ఊది పెట్టిన.
మిషన్ నన్ను గుర్తువట్టలే.
"గీతలు అరిగినయమ్మా, ఏం పని జేసేటోళ్లు?"
అడిగిండు మిషన్ కాడి పిలగాడు ముఖీద్.
"అక్షరాలు ఏరేదాన్ని."
బియ్యంల రాళ్లు ఏరుడు లెక్కన అనుకున్నడో ఏమో, నవ్విండు.

మట్టెవాడ సందుల, సోడాల దుకాణం ఎనుక
ఒక్క ట్రెడిలు, మూడు కేసులు,
నెలకోపారి 'నిలదీత'.
ఓదెలు సారు రాసేది, నేను పేర్చేది, యాకూబు తొక్కేది.
కట్టలు గట్టి కాజీపేట ప్యాసింజర్ల ఏస్తే
జమ్మికుంట, పెద్దపల్లి, మంచిర్యాల
తెల్లారేసరికి గరమయ్యేటియి.

ఆ పేరే చెప్పిన. టకటక కొట్టిండు.
వచ్చింది!
ఎవలో మారాజు అటక మీదికెల్లి దించి
పేజీ పేజీ ఫొటో తీసి పెట్టిండట.
నలభై ఏడు సంచికలు.
చెదలు తిన్న మూలలు తిన్నట్టే ఉన్నయి.

నేను వ్యాసాలు చదవలే.
ఎన్నడన్న చదివితే గద!
తలకిందుల, ఎదురుబొదురు చూసిన రాతలు
ఇయ్యాల తిన్నగ నిలబడి నన్ను చూసినయి.
తోక తెగిన 'ళ' ఉంది,
ప్రతి పేజీల అదే 'ళ', కుంటుకుంట.
సారుకు కోపమెక్కువైన నెలల
ప్రభుత్వం, ప్రభుత్వం, ప్రభుత్వం అని రాస్తే
నా కేసుల 'ప్ర'లు ఒడిసిపోయేటియి.
"సర్కారు అని రాయరాదుండ్రి సార్" అన్న.
రాసిండు.
సారు మన యాసకు మళ్లిండని ఊరూరు మెచ్చుకున్నది.
సీసం కరువని ఎవలకెరుక?

ముఖీద్ ఎతికే డబ్బాల నా పేరు కొట్టిండు.
దొరకదు బిడ్డా.
ఆఖరు పేజీల అచ్చేసినోని పేరు, సారు పేరు.
పేర్చినోళ్ల పేరు పేర్చే ఆనవాయితీ లేదు.

డెబ్బై ఐదు ఆగస్టు.
ఏడో పేజీ అంచుల మసి మరక.
"గలీజైంది" అని జరపబోయిండు. ఆగుమన్న.
పెద్దగ చెయ్యుమన్న.
తెరంత బొటనేలు,
కొత్తగ దున్నిన చెలక లెక్క, సాలు మీద సాలు.
యాకూబుదా అనుకున్న.
యాకూబు బొటనేలు అంతకు ముందేడే ట్రెడిలు నమిలింది.

ఇంకో నాలుగు జరిపితే
పదకొండో పేజీ తెల్లగుంది, కింద అంకె ఒక్కటే.
"స్కాన్ పడలేదమ్మా."
పడ్డది బిడ్డా. ఉన్నదంత పడ్డది.

పట్నంల చూపిచ్చిన ప్రూఫు
అడ్డం నీలి పెన్సిలు గీతతోని మర్రొచ్చిన రాత్రి
ముప్పై రెండు లైన్లు నేనే విప్పిన,
ఏ అచ్చు ఆ గడిల, ఏ ఒత్తు ఆ గడిల,
పెండ్లి ఆగిన ఇంట్ల పందిరి విప్పినట్టు.
సారు స్టూలు మీద కూసున్నడు,
బీడీ ఎలిగించలే, ఊకె పట్టుకున్నడు.
"ఖాళీగ పోనియ్యి. చదువుకుంటరు" అన్నడు.

అండ్ల ఏముండె అంటే చెప్పలేను.
సారు లేడు, ప్రూఫు పొయ్యిల పడ్డది.
కని మొదటి అక్షరానికి చెయ్యి
మూడో వరుస, ఎడమ నుంచి రెండో గడి.
అటెన్క కొద్దిగ కిందికి.
అటెన్క మీదికి, దూరం, మూలకు,
ఎక్కువ వాడని ఒత్తులుండే కాడికి.
ముఖీద్ బల్ల మీద నా ఏళ్లు పోవుడు
నేను చూస్తున్న, వాడు చూస్తున్నడు.

"ప్రింటు తియ్యి."
"ఏది?"
"పదకొండు."
"తెల్లకాయితమే గదమ్మా, పైసలు దండుగ."
తెల్లగ రాలే, బూడిద రంగుల వచ్చింది,
వెనుక పేజీ అచ్చు లీలగ, తలకిందుల కాదు గని, మర్రేసినట్టు.
అది నేను గడగడ చదివిన.

పది రూపాయలు బల్ల మీద పెట్టిన.
కండ్లు చూసి గుర్తువట్టే మిషన్
సోమవారం వస్తదట.