సొంతవాక్యం

ధీమా.
నల్లబల్ల మీద రాసి
ఒత్తు 'ధ' మరిచిపోకండర్రా అన్నాను.
మంచే జరుగుతుందని నమ్మి
మొహం మాడ్చుకోకుండా ఉండడం, అని అర్థం చెప్పాను.
ఇరవై రెండేళ్లుగా చెబుతున్న ఉదాహరణే చెప్పాను:
రాము పరీక్ష నెగ్గుతానని ధీమాగా ఉన్నాడు.
ఆ రాము ఎవడో, చివరికి నెగ్గాడో లేదో
ఇంతవరకు ఏ పిల్లాడూ అడగలేదు.

కళింగపట్నం ఉన్నత పాఠశాల,
ఎనిమిదో తరగతి, ముప్పై ఏడు నోటుపుస్తకాలు.
ఒక్కొక్కటీ
ఉప్పుగాలికి మెత్తబడ్డ అప్పడం.

యుగంధర్ రాశాడు:
ఆదివారం మా మావయ్య ధీమా తెచ్చాడు, అమ్మ బాగా వండింది.
వాడికి నోరూరిన చోట
నా ఎర్రసిరా కాసేపు ఆగింది.
అయినా సున్నా చుట్టింది.

బొడ్డేపల్లి లావణ్య రాసింది:
కొబ్బరితోటకి ధీమా కట్టాం. చెట్లు పడిపోయాయి. డబ్బులు ఇంకా రాలేదు.
ఒత్తు 'ధ' కొట్టేసి 'బ' రాయాలి. ఒక్క అక్షరమే.
దిద్దబోయి మళ్లీ చదివాను.
వాళ్ల నాన్న ఏ కాగితం మీద సంతకం పెట్టాడో,
ఏది కట్టి ఏది పోగొట్టుకున్నాడో
నాకన్నా ఆ పిల్లకే బాగా తెలిసుండొచ్చు.
పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం పెట్టి
వదిలేశాను.

తామాడ గణపతి:
రేవులో మూడో నంబరు ఎగరేసినా మా చిన్నాన్న ధీమాగా వేటకెళ్లాడు.
వ్యాకరణంలో లోపం లేదు. మనసే ఒప్పుకోలేదు.
"ఒరే, దీన్ని ధీమా అనరు, మొండితనం అంటారు.
ఇంతకీ వచ్చాడా?"
"వచ్చీసినాడండి. వలే రాలేదు."
క్లాసంతా నవ్వింది.
గణపతి అందరికన్నా గట్టిగా నవ్వాడు.
ఆ నవ్వుకి సరైన మాట వెతుకుతూ
మార్కు వేయడం మరిచాను.

అడుగున మైలపల్లి రోహిణి పుస్తకం:
పడవ ఒడ్డుకు రాకముందే మా అమ్మ మసాలా నూరుతుంది.
అంతే.
పేజీ తిప్పి చూశాను, వెనక్కి తిప్పి చూశాను,
నేనిచ్చిన పదం ఎక్కడా లేదు.
పిలిచి అడిగాను, "మాటేదే?"
తల దించలేదు.
నోట్లోంచి జడ కొస తీసి చెప్పింది:
"ఆ మాట మా ఇంట్ల ఎవలూ అనరండి.
మసాలాయే నూర్తారు."
"మరి చేపలు పడకపోతే?"
"ఒంకాయల్లో ఏసీస్తాది సార్.
మసాలాకేటి తెలుస్తాది?"

సాయంత్రం ఇసుకదారిన
జాలరిపేట మీదుగా నడిచాను.
నీళ్ల మీద ఒక్క పడవ జాడ లేదు.
మూడు వాకిళ్లలో సన్నికళ్లు మోగుతున్నాయి,
అల్లం, ధనియాలు, కాల్చిన ఎండుమిరప,
గాలి తుమ్మించేస్తోంది.
ఒకామె పొత్రం ఆపి, మోచేత్తో ముక్కు తుడుచుకుని,
సముద్రం వైపు చూసింది.
అప్పు తీసుకున్నవాడు వీధిలో కనబడితే
చూసే చూపు అది.
మళ్లీ నూరింది.

శ్రీకాకుళం పోయే ఐదున్నర బస్సు
ఏనాడూ ఆరుంపావుకి ముందు రాలేదు.
నేను ఐదుంపావుకే వచ్చి
రోడ్డువార నిలబడతాను,
చిల్లర సరిగ్గా లెక్కపెట్టి, గుప్పిట్లో పట్టుకుని.
దీన్నేమనాలో
నిఘంటువు చూడాలి.

బస్సు కుదుపుల్లో, ఒళ్లో పుస్తకం పెట్టుకుని
రోహిణికి రెండుకి రెండూ వేశాను.
రెండో రెండు వంకర పోయింది, దిద్దలేదు.
కింద చిన్న అక్షరాలతో
'ఇచ్చిన పదం తప్పక వాడాలి' అని కూడా రాశాను.

ఉద్యోగం ఉద్యోగమే కదా.