కొమ్మకు కొమ్మ అందే చోట

నా పని చెట్లకు నంబర్లెయ్యడం.
జానెడు బెరడు చెక్కి, సున్నం కొట్టి,
సున్నం ఆరినాక ఎర్రరంగుతో అంకె.
రంగంపేట దాటి భాకరాపేట ఘాటు ఎక్కేదాకా
ఎడమ పక్క బేసి, కుడి పక్క సరి.
చింతలు, కానుగలు, రెండు నేరేళ్లు,
పేరు తెలియనివి పదకొండు.
రిజిస్టరులో వాటిని ‘ఇతరములు’ అని రాసినాను.

ఈ రోడ్డు వెడల్పు కావాలని
నాకంటే గట్టిగా కోరుకున్నోడు లేడు.
మూడో మలుపులో మా బావ లోకనాథం
మదనపల్లె టమాటా లోడుతో దొర్లిపోయినాడు.
తెల్లారి మేం పోయేసరికి
లోయంతా ఎర్రగా ఉండాది.
ఏది పండో, ఏది ఆయనో
చానాసేపు తెలీలేదు.
మా అక్క ఆ పొద్దునుంచి
పప్పులో కూడా టమాటా వెయ్యదు.

కాబట్టి, రంపానికి ముందు నడిచే మనిషిని నేను.
సిగ్గేమీ లేదు.

ఒక రాత్రి చెక్‌పోస్టు కాడ దొరసానమ్మ,
ఫారెస్టు వాచరు, టార్చికి ఎర్రగుడ్డ చుట్టుకొని
“రా నాయనా, నీ నంబరొకటి చూపిస్తా” అనింది.
రెండొందల పదిహేడు. ముసిలి చింత.
పైన ఆకుల్లో
రెండు నిప్పురవ్వలు ఆరకుండా నిలబడినాయి.

దేవాంగపిల్లి.

పుల్లల మాదిరి కాళ్లూ చేతులూ, మొహమంతా కండ్లూ అని
బడిలో నన్ను పిలిచిన పేరది.
ముప్పై ఏండ్లు ఆ పేరు మోసినాను గానీ
పేరుగలదాన్ని ఎప్పుడూ చూళ్లేదు.

ఎంత నిదానం!
ఒక చెయ్యి అవతలి కొమ్మను పట్టి, ఊపి చూసి, నమ్మి,
ఆ తర్వాతే రెండోది వదుల్తాది.
దూకదు. దాని పుట్టుకలోనే దూకడం లేదంట.
చింత చివర నుంచి
ఎదురు కానుగ చివరకు (అది రెండొందల పద్దెనిమిది)
లారీల నెత్తిమీద, డీజిలు పొగలో,
మనం అన్నం తిని చెయ్యి కడుక్కునేంత సేపు
దాటింది.
నడిమధ్యలో ఉండగా పీలేరు బస్సు హారను కొట్టుకుంటా పోయింది.
అది ఆగింది. కొమ్మ ఊగడం ఆగినాక
మళ్లీ కదిలింది.

“కిందికి దిగి దాటితే?” అన్నాను.
“దిగినయ్యి నాకు తెల్లారి దొరుకుతాయి” అనింది.
“పారతో ఎత్తాల.”

ఏఈ గారు మంచోడే. టీ తెప్పించినాడు.
“మలుపు సరిచెయ్యకుంటే
ఇంకొకరి బావ పోతాడు కదా” అన్నాడు.
నిజమే.
“రెండు చెట్ల కోసం రోడ్డు వంచితే
కొత్త మలుపు పుడతాది కదా” అన్నాడు.
అదీ నిజమే.
స్కేలు పెట్టి, గీసి, చెరిపి, మళ్లీ గీసి
“ఒక పక్కకే పెంచుదాం” అన్నాడు చివరికి.
చింత మిగిలింది. కానుగ పోతాది.
సందు అరవై అడుగులు.

అరవై అడుగులంటే నాకు రెండు టేపులు.
దానికి?

మోకు మా అక్క ఇచ్చింది.
బావ టార్పాలిను మీద బిగించే మోకు,
లోయలో నుంచి మాకు చెక్కుచెదరకుండా దక్కిందదొక్కటే.
ఎందుకని అడగలేదు. నేనూ చెప్పలేదు.
లారీ ఎత్తు కొలిచి, దానిపైన ఇంకో మనిషెత్తు వదిలి
చింతకూ, కానుగ వెనకాలి జాలారికీ
నేనూ దొరసానమ్మా కట్టినాము.
కానుగ ఉండగానే అలవాటు కావాలని.

మొదటి వారం కోతులు ఊగినాయి.
ఒక ఉడత మధ్యదాకా పోయి తిరిగొచ్చింది.
పదకొండో రాత్రి అది వచ్చి
మోకును వాసన చూసి, నాకి,
కానుగ మీదుగానే పోయింది.

సోమవారం పొక్లెయిను వస్తాదంటున్నారు.

నిన్న రాత్రి ఒక చెయ్యి మోకు మీద పెట్టింది.
రెండోది చింతను వదల్లేదు.
మేం టార్చి ఆర్పేసి
రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూర్చున్నాం.