సోఫస్ లెక్క

ఫారో దీవుల చివర, పక్షులు తప్ప ఎవరూ ఎక్కని రాతి మీద
పడవ పగిలి ఏడుగురం మిగిలాం.

సోఫస్‌కి నత్తి.
గుడ్లు లెక్కపెడుతుంటే నాలుగు దగ్గర
"నా... నా..." అంటూ నాలుక రాయికి తగిలేది.
పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.
నవ్వితే ఆకలి కాస్త తగ్గేది కూడా.

మనిషికి రెండే అన్నాడు.
వాననీటి గుంట మీద తన తోలుకోటు కప్పాడు.
మంట గాలికి ఎదురుగా కాదు, ఆ చీలికలో అన్నాడు.
త్రోండుర్ అతని టోపీ లాగి సముద్రంలోకి విసిరాడు.
మంట మాత్రం చీలికలోనే వేశాడు,
తన ఆలోచనే అయినట్టు.

అందరికన్నా బాగా వెక్కిరించింది నేను.
అచ్చం అతనిలాగే, మధ్యలో ఆ గుటకతో సహా.

పదకొండో రాత్రి, తుఫానులో,
ఎగిరిపోతున్న కోటు సర్దడానికి
లేచింది అతనొక్కడే.
అల ఒకటే వచ్చింది.

పొద్దున త్రోండుర్ వాటాలు వేస్తున్నాడు.
ఒకటి, రెండు, మూడు,
"నా... నా..."
ఆగిపోయాడు.
ఎవరం నవ్వలేదు.

ఆరుగురికి ఏడు వాటాలు పడ్డాయి.
ఆ ఏడోది రెండు రోజులు అలాగే ఉంది.
మూడో రోజు నేనే తిన్నాను,
రెండు గుడ్లూ,
పైకే లెక్కపెట్టి.