నాలుగు జౌళ్ళు

నవంబరు. సాన్ రఫేల్‌లో వసంతం చివర.
నిన్న సాయంత్రం పదకొండు నిమిషాలు
వడగళ్ళు పడ్డాయి.

ఎవారిస్తో ఇవాళ క్లాసుకి ఆలస్యంగా వచ్చాడు,
ఐస్‌క్రీం డబ్బాలో ఒకే ఒక్క రాయితో.
రాత్రంతా ఫ్రీజర్లో మాంసం పక్కన దాచాడట.
"తూచాను టీచర్, పదమూడు గ్రాములు."
ఎవరూ నవ్వలేదు.
సగంమంది బూట్లకి ఇంకా తోట బురదే.

బోర్డు మీద మేఘం గీశాను, కింద నేల,
మధ్య నాలుగు కిలోమీటర్లు.
గాలే లేని లోకమైతే
సెకనుకి రెండువందల ఎనభై మీటర్లు,
తుపాకీ గుండుకి తమ్ముడు.
ఎత్తు దాని చేతిలో పెట్టి పంపిన సొమ్ము
అటూ ఇటూగా ఐదువందల జౌళ్ళు.

కానీ గాలి ఉంది.
మీటరు మీటరుకీ సుంకం గుంజే గాలి,
రాయి తొందరపడేకొద్దీ పిడికిలి బిగించే గాలి.
ఒకచోట బరువూ నిరోధమూ సరితూగుతాయి.
ఆపైన రాయి పడుతూనే ఉంటుంది గానీ
వేగం రవ్వంత పెరగదు,
దిగిన ప్రతి మెట్టు సంపాదనా
గాలికే పోతుంది.

"గాలి చేసే ఈ పని రుణాత్మకం" అన్నాను.
రుణం దగ్గర సుద్దముక్క విరిగింది.
తోట మీద వల కప్పించడానికి వాళ్ళ నాన్న
సహకార బ్యాంకు మెట్లు మూడేళ్ళుగా ఎక్కి దిగుతున్నాడని
ఇక్కడ తెలియనిదెవరికి?

మిగతా లెక్క వాడే చేశాడు.
నేల తాకేసరికి సెకనుకి పాతిక మీటర్లు.
ద్రవ్యరాశిలో సగం, వేగం వర్గం,
నాలుగు జౌళ్ళు.
"అంటే నాలుగువందల తొంభై ఆరు
గాలే మాకు అడ్డం పడి మోసింది."
"అవును."
"మిగిలిన నాలుగూ..."
ఆగిపోయాడు.

కిందపడ్డ నోటుబుక్కు ఎత్తి
బల్లమీద పెడితే అయ్యేంత పని.
మిరియపు గింజంత మాల్బెక్ పిందెలకి
అది చాలు.

వెనక బెంచీ నుంచి హెర్మీనియా అడిగింది:
"గాలి తీసుకున్నదంతా ఏమైంది?"
"వేడెక్కింది. గాలి కొంచెం, రాయి కొంచెం."
"మరి నిన్న అంత చలేసిందేం?"
దానికి నా దగ్గర జవాబుంది. చెప్పబుద్ధి కాలేదు.

బడి వదిలాక చూస్తే
డబ్బా బల్లమీదే మరిచిపోయాడు.
పదమూడు గ్రాముల నీళ్ళు.
ఏం చెయ్యాలో తోచక
కిటికీలో జెరేనియం కుండీకి పోశాను,
జానెడెత్తు నుంచి,
మెల్లగా.