నల్లగీత

పదోతరగతిలో ఐదు వందల ముప్ఫై ఒకటి.
ఆ వేసవిలో ఆ అంకె మా ఊరికంటే పెద్దదైపోయింది.
వేలాయుధం మామ చిత్తూరు నుంచి వచ్చి
"ఎంపీసీ మే, ఇంకేం మాట్లాడొద్దు" అన్నాడు,
మామిడికాయల లారీకి కాటా చీటీ రాసిచ్చినంత తేలిగ్గా.
"జాగ్రఫీనా? బడిగోడకు మేకు కొట్టి
మ్యాపు తగిలించే పనికా?"

కాలేజీ గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసి
రెండుసార్లు అడిగినాడు.
"ఆ గ్రూపులో ఇప్పటికి నలుగురే ఉండారు పాపా.
నువ్వొస్తే ఐదు."
బస్తాలు లెక్కబెట్టేటప్పుడు
నాలుగు నిలువు గీతల మీద ఒకటి అడ్డంగా కొడతారు కదా,
ఆ అడ్డగీతను నేను.

ఎందుకో ఎవరికీ చెప్పలేదు.
మా నాయన చెంగల్రాయుడు
అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేన్లలో నడుస్తాడు.
టెంకాయ నిక్కి నిలబడితే నీళ్లు.
పెనుమూరు చుట్టూ ఎన్ని ఊళ్ల బోర్లో ఆయన చేతి చలవ.
మా చేన్లోనూ నిలబడింది, నాలుగుసార్లు.
నాలుగుసార్లూ తొమ్మిది వందల అడుగుల దాకా
తెల్లటి పొడి.
అది అమ్మ జడలో, సంగటి ముద్దలో,
నా లెక్కల నోటుబుక్కులో రాలింది.
రిగ్గు లారీవాడు పోతా పోతా
"కింద ఒకటే రాయి సామీ" అన్నాడు.
ఒకటే రాయా! ఎంత దూరం ఒకటే? యాడ మొదలు?
వాడు చెప్పలేదు. టెంకాయ చెప్పలేదు.
మామ కొనిచ్చిన ఫిజిక్సు పుస్తకం తిరగేసి చూసినా,
అందులో ఊళ్ల పేర్లే లేవు.

మొదటి వారం ఎస్తేరు మేడం
బల్లమీద టోపోషీటు పరిచింది,
మడతల దగ్గర చిరిగి, వెనకాల ఆస్పత్రి టేపు.
గోధుమరంగు గీతలు వేలిముద్రల్లా సుళ్లు తిరిగి ఉండాయి,
అవి మా గుట్టలంట.
నీవా నది కోసం నీలిరంగు వెతికితే కనబడలేదు.
"నీళ్లు పారని ఏటిని నల్లగా గీస్తారు" అన్నది మేడం.
నేను రోజూ బస్సులో దాటే ఇసుక
ఆ కాగితానికి ముందే తెలుసు.
ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.
ఇంత నిజం చెప్పే కాగితం
మా ఇంట్లో పట్టాదారు పాసుబుక్కు కూడా కాదు.

మా ఊరి మేరకు ట్రేసింగ్ పేపరు మీద దించుకొచ్చి
ఒక ఆదివారం నాయనకిచ్చినా.
మొదట తలకిందులుగా పట్టుకున్నాడు.
తర్వాత వేలు గుట్ట దిగి, వంక దాటి,
కానుగచెట్ల మలుపు కాడ ఆగింది.
"ఈ సున్న ఏంది?"
బావి నాయనా. మనదే.
జేజినాయన తవ్వించింది, నేను పుట్టకముందే ఎండింది,
పోయినేడు ధర లేని టమోటాలు పోసి పూడ్చేసినాం.
సర్వేవాళ్లు వచ్చిన ఏడు అందులో నీళ్లున్నట్టుండాయి.
షీటులో ఉన్నట్టే నీలిపెన్సిలుతో దిద్దినా.

నాయన వేలిని పంచెకు తుడుచుకుని
మళ్లీ అక్కడే పెట్టినాడు.
చాలాసేపటికి
"ఎంత లోతని రాసినారు?" అన్నాడు.
రాయలేదు నాయనా, అన్నా.