కుందేలు గుర్తుపెట్టుకున్నది

నూరు మైక్రోలీటర్లు.
కంట్లో వేసుకునే మందైతే రెండు చుక్కలు, మూడోది అనుమానం.
దీనికోసం పద్నాలుగు వారాలు
హన్మకొండకూ హైదరాబాదు డీలరుకూ నడుమ
నా ఇండెంటు కాగితం తిరిగింది.
చివరికి బస్సు పార్సిల్లో,
పొడిమంచంతా ఆవిరైన థర్మాకోల్ డబ్బాలో దిగింది.

అట్ట మీద రాసుంది:
కుందేలు నుంచి. మనిషి జీ-సిక్స్-పీ-డీని గుర్తించును.
మైనస్ ఇరవైలో ఉంచవలెను.
మళ్ళీ మళ్ళీ కరిగించరాదు.

గాజు సామాను కడుగుతూ కొమురయ్య అడిగాడు
"గింత సీసల ఏమున్నది బిడ్డా?"

చెప్పాను.
ఎక్కడో ఒక కుందేలుకు
మనిషి ఎంజైము ముక్కను సూదితో ఎక్కించారు.
ఇది నాది కాదు, అనుకుంది దాని ఒళ్ళు.
కాదనుకున్నదాన్ని ఇక మరవలేదు.
ఆ మరవకపోవడాన్నే
రక్తంలోంచి తీసి వడగట్టి అమ్ముతున్నారు.

ఆయన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.
"మా నాయిన గంతే.
మూడు మందలు వాగుకాడ కలిసిపోయినా
చెవి కోత జూసి మన గొర్రెను పట్టేటోడు."

నాలుగేళ్ళుగా సెమినార్లలో తడబడుతున్న సంగతి
బీకరు బోర్లిస్తూ తేల్చేశాడు.
ఒక్క తేడా, ఆయనకు చెప్పలేదు:
కుందేలు పట్టేది తనది కానిదాన్ని.

ఎనిమిది ట్యూబులు ఏటూరునాగారం వైపు నుంచి వచ్చాయి.
ఏడోది పూనెం వాళ్ళ పిల్లగాడిది, తొమ్మిదేళ్ళు.
మలేరియా గోలీలు మింగిన మూడోనాడు
డికాషన్ రంగులో ఉచ్చ పోశాడు.
పెద్దాసుపత్రి వరండాలో వాళ్ళమ్మ నన్నే డాక్టరనుకుని
"అందరికి మంచిగైన గోలి మావానికెందుకు పడలే?" అనడిగింది.
నా నోట్‌బుక్‌లో అతనికి పేరుండకూడదు.
ఏడు, అంతే.

జెల్లు నడిపాను. పొరమీదికి దించాను.
కాజీపేట కిరాణా కొట్టు పాలపొడి కలిపి పోశాను,
ఖాళీ చోట్లన్నీ పాలు కప్పేస్తే
తప్పుచోట అతుక్కోదని.
ఆ తర్వాత సీసాలోంచి పది మైక్రోలీటర్లు,
ఊపిరి బిగబట్టి.

రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది.
మే నెల. జనరేటరుకు డీజిల్ ఉంది,
తాళంచెవి ఉన్నాయన ములుగులో పెళ్ళిలో ఉన్నాడు.
రాకరు ఆగింది.
ట్రేను ఐసుముక్కల మీద పెట్టి
చేత్తోనే ఊపుతూ కూచున్నాను
బియ్యంలో రాళ్ళు గాలించే ఊపుతో,
రెండున్నర దాకా.
చీకట్లో ఆ నీళ్ళలో
లక్షల కుందేలు జ్ఞాపకాలు
ఎనిమిదిమంది నెత్తుట్లో ఒకే ఆకారాన్ని వెతుకుతున్నాయి.
నాకు మాత్రం దోమలే తెలుస్తున్నాయి.

పొద్దున డార్క్‌రూములో ఫిలిం కడిగితే
గీతలు తేలాయి.
ఒకటి నుంచి ఆరు, బొగ్గుతో గీసినట్టు.
ఎనిమిది కూడా.
ఏడు,
ఊదితే పోయేలా ఉంది.
కింది వరుసలో ఆక్టిన్
ఎనిమిదింటా ఒకే మందం:
నేనెవరికీ తక్కువ పోయలేదని సాక్ష్యం.

మేడం కళ్ళజోడు పైకి నెట్టి
"ఇంకో రెండుసార్లు రానీ,
అప్పటిదాకా ఇది గీత కాదు, మరక" అంది.
నిజమే.
మిగిలిన తొంభై మైక్రోలీటర్లనూ
తొమ్మిది బుల్లి ట్యూబుల్లోకి పంచి గడ్డకట్టించాను.
ఎంత తక్కువో చెబుతుంది ఇది,
ఎందుకో చెప్పదు.
వరండాలో ఆమె అడిగింది ఎందుకని.

సాయంత్రం కొమురయ్య ఫిలింను కిటికీ వెలుగుకు పట్టి
ఒకసారి తిరగేసి, మళ్ళీ సరిచేసి,
"గీ ఒక్కటి బక్కగున్నది" అన్నాడు.
ఎవరూ చూపించలేదు.
"ఎవలిది?"

చెప్పరాదన్నాను.

"సరే తియ్" అని
ఫిలిం బల్లమీద పెట్టి
పాలు ఎండి అంటుకున్న ట్రేను
గోటితో గీకసాగాడు.