చేతులు జేబుల్లో

నీ ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే
చేతులు జేబుల్లో పెట్టుకోవడం, అంటాను.
ఎవరూ నమ్మరు.

రెక్సమ్ ఊరి చివర, రైలుకట్ట కింద
కంచె వేసిన అరెకరం బురద.
పాత టైర్లు, అడుగు ఊడిన పడవ,
ఎవరో పారేసిన స్నానాల తొట్టి,
పన్నెండు సుత్తులు, డబ్బాడు మేకులు.
బడి వదిలే వేళకి గేటు తీస్తాను.
అంతే. ఆపైన నాకు పని లేదు.
పని లేకుండా నిలబడటమంత కష్టమైన పని
ఇంకోటి చెయ్యలేదు నేను.

మంగళవారం మాబ్లి గొయ్యి తవ్వడం మొదలెట్టింది.
ఎందుకని నేనడగలేదు. గెథిన్ అడిగాడు.
"గొయ్యి కోసం," అంది.
వాడికది సరిపోయింది. పార తెచ్చుకున్నాడు.

బుధవారం వాన.
వెల్ష్ వాన, ఎవరి మాటా వినదు.
గొయ్యి సముద్రమైంది.
సముద్రానికి రాజెవరన్న దగ్గర పేచీ వచ్చింది.
గొంతులు లేచాయి, మట్టిముద్దలు లేచాయి,
ఒకరితో ఒకరు కచ్చి కొట్టుకున్నారు.
నా కాలు ఒకడుగు ముందుకు పడింది.
చేతులు జేబుల్లోనే ఉన్నాయి గానీ
వేళ్ళు లోపలి గుడ్డని పిండేస్తున్నాయి.
నలభై దాకా లెక్కపెడదామనుకున్నాను.
ముప్పై ఏడు దగ్గర రాజ్యం రద్దయింది.
అందరూ చేపలైపోయారు.

గురువారం కౌన్సిల్ నుంచి బ్రాన్వెన్ గారొచ్చారు
తెల్ల బూట్లతో, ఫారంతో.
"ఈ వారం పిల్లలు సాధించిన లక్ష్యాలు" అని ఒక గడి.
గొయ్యి, అని రాశాను.
"ఇంకా?"
నీళ్ళున్న గొయ్యి.
ఆవిడ నవ్వలేదు. లోతెంత, అంది.
కొలవలేదన్నాను. నిజంగానే కొలవలేదు.

అప్పుడే, ఆవిడ కళ్ళముందే,
ఎమ్రిస్ బొటనవేలి మీద సుత్తి పడింది.
ఏడుపు మింగి, వేలు నోట్లో పెట్టుకుని
మేకుని చాలాసేపు చూశాడు,
తప్పు మేకుదేమోనని.
తర్వాత పిడిని రెండంగుళాలు పైకి పట్టుకున్నాడు.
ఆ రెండంగుళాలు ఏ గడిలో రాయాలో
ఆవిడనే అడగాల్సింది.

మా నాన్న నా మేకులన్నీ తనే కొట్టేవాడు,
నేర్పుగా, ప్రేమగా, ఒక్క దెబ్బకి.
ఒక్క దెబ్బ తగలనివ్వలేదు నాకు.
యాభై రెండేళ్ళొచ్చాయి,
గోడకి పటం తగిలించాలంటే
ఇప్పటికీ పక్కింటాయన్ని పిలుస్తాను.

శుక్రవారం గొయ్యి పూడ్చేశారు.
పూడ్చేద్దామన్నది మాబ్లీయే.
నాలుగు రోజుల సముద్రం మీద
అటూ ఇటూ గెంతి మట్టి అణిచి
బిస్కట్ల కోసం ఇళ్ళకి పోయారు.

గేటు వేసి సుత్తులు లెక్కపెట్టాను.
పదకొండు.
షెడ్డులో లేదు, పడవలో లేదు, తొట్టి కింద లేదు.
ఇక ఉండాల్సింది ఒక్కచోటే.

పైన ఆరున్నర రైలు పోయింది.
చేతులు జేబుల్లోంచి తీశాను.
పార తీసుకున్నాను.
దొరకగానే ఆపేద్దామనుకున్నాను.

దొరికింది.
ఆపలేదు.